మోకాలి కీలు మార్పిడి: ఆలోచింపవలసిన విషయములు

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన వార్షికోత్సవములలో ఆరోగ్య విషయమున ఒక ప్రసంగముండుట ఆచారముగా వచ్చుచున్నది. ఇంతకుముందు ఈ వేదికపై ఆ ప్రసంగము చేసినవారందరు వైద్యులు. నేను వైద్యుడను కాను. ముప్పదినాలుగు సంవత్సరములు ఆడిటు శాఖలో ఇతరుల పద్దులు తనిఖీ చేసి, ఇప్పుడు పెన్షను తీసికొనుచున్నవాడను. "ఆపరేషను ఎలా చేస్తారో డాక్టర్లు చెబుతారు. చేయించుకోవాలా వద్దా అన్నది ఇంట్లో ఎలా తేల్చుకోవాలో మీరు చెప్పండి" అని కార్యదర్శిగారు పట్టుపట్టినారు. మా కుటుంబములో ఈ ప్రశ్న రెండు పర్యాయములు తలయెత్తినది. మా అక్కగారు వద్దనుకొన్నారు. నా భార్య చేయించుకొన్నది. ఇద్దరి నిర్ణయమును సరియైనదే యని నా అభిప్రాయము. ఒకే జబ్బునకు రెండు విరుద్ధమైన నిర్ణయములు ఎట్లు సరియైనవగునో చెప్పుటకు ప్రయత్నించెదను.

మన ఇండ్లలో ఈ జబ్బునకు ఒక మాట స్థిరపడిపోయినది. "గుజ్జు అరిగిపోయింది" అందురు. ఆ మాట వినగానే మనకు తోచునది, డబ్బాలోని గ్రీజు అయిపోయినట్లు మోకాలిలో ఏదో పదార్థము అయిపోయినదని, ఎవరైనా దానిని మరల పోసినచో సరిపోవునని. బజారులో అమ్ముచున్న సగము మాత్రలకు, తైలములకు గిరాకీ ఈ ఒక్క మాట తెచ్చి పెట్టుచున్నది. నిజమునకు అది గుజ్జు కాదు. తొడ ఎముక చివరను, ముంగాలి ఎముక తలను, మోకాలి చిప్ప వెనుక భాగమును కప్పియుండు నున్నని తెల్లని పొర. మృదులాస్థి యని దానికి పేరు. దానిలో రక్తనాళములు లేవు, నరములును లేవు. రక్తము అందనందున అది చెడినచో తనంతట తాను సరిగా పూడుకొనదు. నరములు లేనందున అది అరిగినంతమాత్రమున నొప్పి తెలియదు. నొప్పి పుట్టునది దాని క్రింది ఎముకనుండి, కీలు లోపలి సన్నని పొర వాపునుండి, చుట్టునున్న స్నాయువులు, కండరములనుండి. ఎముక అంచులయందు ముండ్లవంటి మొలకలు పుట్టును. మనవారిలో సాధారణముగా లోపలివైపు భాగము ముందుగా చెడి, కాళ్లు విల్లువలె బయటకు వంగును.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఎక్స్‌రేకును నొప్పికిని మనమనుకొన్నంత పొత్తు లేదు. కెల్‌గ్రెన్, లారెన్స్ అను ఇద్దరు ఇంగ్లాండు వైద్యులు 1957లో ఎక్స్‌రేను బట్టి ఈ జబ్బును సున్న మొదలు నాలుగు వరకు తరగతులుగా విభజించినారు. నేటికిని డాక్టర్లు వ్రాయు "గ్రేడ్ ఫోర్" అదియే. అయితే నాలుగవ తరగతి మోకాళ్లతో పొలమునకు పోయి వచ్చువారు కలరు. రెండవ తరగతితో రాత్రులు నిద్ర లేనివారును కలరు. కావున "గ్రేడ్ ఫోర్ వచ్చింది, ఇక ఆపరేషను తప్పదు" అనుట పద్దులో ఒక్క అంకెను చూచి ఖాతా అంతయు తేల్చుట వంటిది. నా ఉద్యోగములో అట్లు చేసినచో నాకు సంజాయిషీ నోటీసు వచ్చియుండెడిది.

అసలు నొప్పి మోకాలిదేనా యని కూడ చూచుకొనవలెను. తుంటి కీలు చెడినప్పుడు నొప్పి మోకాలిలో తెలియుట తరచుగా ఉన్నది. నడుములో నరము నొక్కుకొన్నను కాలి వెంట దిగును. రుమటాయిడు వాతము వేరు జబ్బు. దానికి మందులు వేరు. ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి వైపు నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు చెడుటను 1937లోనే వైద్యులు ప్రకటించినారు. నల్లగొండవారికి ఆ బాధ చెప్పనక్కరలేదు. అట్టి ప్రాంతములలో పుట్టి పెరిగినవారు ఆ సంగతి డాక్టరునకు తప్పక చెప్పవలెను.

ఇక ఆపరేషనుకు ముందు చేయదగినది ఏమున్నది? ఉన్నది, చాల ఉన్నది. కాని అది మనవారికి రుచించదు, ఏలయనగా అందులో మనమే పాటుపడవలసియుండును. మొదటిది తొడ ముందరి కండరమును బలపరచు వ్యాయామము. కుర్చీలో కూర్చుండి కాలు నిటారుగా చాచి కొంతసేపు నిలుపుట, చేతులు ఆనకుండ కుర్చీనుండి లేచుట, ఇట్టివి. ఫిజియోథెరపీ నిపుణునియొద్ద నేర్చుకొని, వారమునకు మూడు దినములైనను, కనీసము మూడు నెలలు చేయవలెను. నాలుగు రోజులు చేసి "నాకు పనిచేయలేదు" అనువారు నా స్నేహితులలో కనీసము ఏడెనిమిదిమంది కలరు. రెండవది బరువు. శరీరమున ఒక కిలో తగ్గినచో, వేయు ప్రతి అడుగులోను మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారము తగ్గునని అమెరికాలో 2005లో కొలిచి చూపినారు. ఐదు కిలోలు తగ్గించుకొన్నవారు అడుగడుగునకు ఇరువది కిలోల మూటను దింపుకొన్నట్లే. మూడవది చేతికర్ర. అది నొప్పిలేని వైపు చేతిలో ఉండవలెను. నొప్పియున్న వైపు పట్టుకొనుట మనవారిలో సాధారణముగా కనబడు పొరపాటు. కర్ర పట్టుట ముసలితనమునకు గుర్తు అని సిగ్గుపడువారు, గోడలు పట్టుకొని నడచుట దేనికి గుర్తో చెప్పవలెను.

మందుల సంగతి. నొప్పిమీద రాయు డైక్లోఫెనాక్ లేపనము చాలమందికి కొంత ఉపశమనమిచ్చును, దుష్ఫలితములు తక్కువ. అదే జాతి మాత్రలు నోటితో మింగినచో నొప్పి తగ్గును గాని, నెలల తరబడి వాడినచో కడుపులో పుండ్లు, మూత్రపిండములకు చెరుపు, రక్తపోటు, గుండెజబ్బు ఇవన్నియు లెక్కలోనికి వచ్చును. మందుల దుకాణములో చీటీ లేకుండనే దొరకుట వలన అవి నిరపాయకరములని అనుకొనరాదు. కీలులోనికి ఎక్కించు స్టెరాయిడు సూది కొన్ని వారములు మేలు చేయును. మాటిమాటికి వేయించుకొనుట మంచిది కాదు. ఆపరేషనుకు ముందు మూడు నెలలలో వేయించుకొన్నచో ఆపరేషను తరువాత చీము పట్టు ప్రమాదము పెరుగును. కనుక ఆ తేదీని సర్జనుకు తెలుపవలెను. గ్లూకోసమిన్ మాత్రలను, కీలులోనికి వేయు హైలురానిక్ ఆమ్లపు సూదులను బ్రిటిషు ప్రభుత్వమువారి వైద్య మార్గదర్శక సంస్థ ఈ జబ్బునకు ఈయవద్దనియే చెప్పుచున్నది. మన ఊళ్లలో "గుజ్జు సూది" యని వేలకు వేలు పుచ్చుకొనుచున్నది ఈ రెండవదానికే.

మోకాలికి రంధ్రము చేసి దూర్బిణితో లోపల కడిగి శుభ్రపరచు పద్ధతి ఒకటి కలదు. అమెరికాలోని హ్యూస్టను నగరమున 180 మంది రోగులపై ఒక పరీక్ష చేసి, ఫలితములను 2002లో ప్రకటించినారు. కొందరికి నిజముగా కడిగినారు. కొందరికి చర్మముపై గాట్లు మాత్రము పెట్టి కుట్టివేసినారు. ఎవరికి ఏది జరిగినదో రోగులకు తెలియదు. రెండు సంవత్సరములు చూచినను రెండు వర్గముల నొప్పిలో తేడా లేదు! అరుగుడు జబ్బునకు ఆ కడుగుట ప్రయోజనము లేనిదని నాటితో తేలినది. ఐనను కొన్ని చోట్ల నేటికిని సలహా ఇచ్చుచున్నారు.

మరి కీలు మార్పిడి విషయమున ఇట్టి పరీక్ష జరిగినదా? జరిగినది. డెన్మార్కులో, ఆపరేషనుకు అర్హులని సర్జనులు నిర్ణయించిన 100 మందిని తీసికొని, సగము మందికి ఆపరేషను చేసి తరువాత 12 వారములు వ్యాయామాదులు చేయించినారు. తక్కిన సగము మందికి ఆపరేషను లేకుండ ఆ 12 వారముల చికిత్స మాత్రమే ఇచ్చినారు. ఫలితము 2015లో వచ్చినది. సంవత్సరము తరువాత నూరు మార్కుల కొలబద్దపై ఆపరేషనువారు సుమారు 32 మార్కులు మెరుగైనారు, వ్యాయామమువారు 16. ఆపరేషనుది పైచేయి అనుటలో సందేహము లేదు. కాని రెండవ పేజీ కూడ చదువవలెను. తీవ్రమైన చిక్కులు ఆపరేషను వర్గములో 24, రెండవ వర్గములో 6. వ్యాయామ వర్గములోని 50 మందిలో ఆ సంవత్సరములో ఆపరేషను కోరుకొన్నవారు 13 మంది మాత్రమే. తక్కినవారు, ఆపరేషనుకు అర్హులై యుండియు, ఆ సంవత్సరము దానిని దాటవేయగలిగినారు.

ఈ లెక్క నాకు స్వయముగా ఉపయోగించినది. నా కుడి మోకాలు మూడవ తరగతిలో ఉన్నది. మెట్లు దిగునప్పుడు నొప్పి. రాత్రి నిద్రకు లోటు లేదు. ఉదయము గంటసేపు నడువగలను. ఎనిమిది నెలలుగా వ్యాయామము చేయుచున్నాను. నా ఫైలుపై "ప్రస్తుతము వాయిదా" అని నోటు వ్రాసికొన్నాను. ఇది ప్రాణాపాయకరమైన జబ్బు కాదు గనుక ఆలోచించుటకు వ్యవధి ఉన్నది. "ఈ వారమే చేయకపోతే ప్రమాదము" అను మాట అరుగుడు జబ్బులో చెల్లదు. అట్లని ఎంతకాలమైనను వాయిదా వేయవచ్చునా? అదియును కాదు. కాలు పూర్తిగా చాపలేని స్థితి వచ్చినప్పుడు, కండరములు చిక్కిపోయినప్పుడు, వంకర మిక్కిలి పెరిగినప్పుడు, ఆపరేషను కష్టమగును. తరువాత కోలుకొనుట కూడ తక్కువగా ఉండును. ఎంత మంచి స్థితిలో బల్లపైకి ఎక్కుదురో అంత మంచి స్థితికి చేరుదురు.

ఈ ఆపరేషను పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పెదను. జర్మనీలో థెమిస్టోక్లెస్ గ్లుక్ అను సర్జను 1890లో దంతముతో చేసిన మోకాలి కీలును అమర్చినాడు. చీము పట్టి అవి నిలువలేదు. 1951లో స్వీడనువాడు వాల్డియస్ తలుపు బందువంటి కీలు పెట్టినాడు. బందు ఒకే దిశగా కదలును. మోకాలు వంగుటతోపాటు కొంచెము తిరుగును, జారును. అందుచేత అవి సడలిపోయినవి. 1968లో గన్‌స్టన్ ఎముక ఉపరితలములను మాత్రమే మార్చు ఉపాయము తెచ్చినాడు. 1974 ప్రాంతమున న్యూయార్కులో ఇన్సాల్, రణావత్, వాకర్ ప్రభృతులు రూపొందించిన నమూనాయే నేటి కీళ్లన్నిటికి తల్లి. ఆ చిత్తరంజన్ రణావత్ మన దేశమువాడు. ప్రధానమంత్రిగా ఉన్న అటల్ బిహారీ వాజపేయిగారికి ముంబయిలో 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూనులో కుడి మోకాలికి ఆపరేషను చేసినవాడును ఆయనయే. నాడు ఢిల్లీ ఆఫీసులలో ప్రతి సెక్షనులోను మోకాళ్ల చర్చయే! ఈ ఆపరేషను పేరు సామాన్య జనమునకు పరిచయమగుటకు అది చాల తోడ్పడినది.

"మార్పిడి" అనగానే మోకాలంతయు తీసివేసి ఇంకొకటి పెట్టుదురని భయము. అట్లు కాదు. పన్నుకు తొడుగు వేసినట్లు, తొడ ఎముక చివరను సుమారు ఒక సెంటీమీటరు మందమున చెక్కి కోబాల్టు క్రోమియము లోహపు తొడుగును, ముంగాలి ఎముకపై లోహపు పళ్లెమును, రెండింటి నడుమ గట్టి ప్లాస్టిక్కు పలకను అమర్చుదురు. సాధారణముగా నడుములో మత్తు సూది వేసి గంట రెండు గంటలలో ముగింతురు. ఆ దినముననే గాని మరునాడు గాని లేపి నడిపింతురు. లోపలివైపు భాగము మాత్రమే చెడినవారికి ఆ భాగమునకే తొడుగు వేయు పద్ధతి కలదు. దానిలో కోలుకొనుట త్వరగా ఉండును; కాని మరల ఆపరేషను అవసరమగు అవకాశము కొంత ఎక్కువ. వయసులో చిన్నవారికి, వంకరను సరిచేయుటకు ఎముకను కోసి నిలబెట్టు ఆపరేషను వేరుగా ఉన్నది. తమ విషయమున ఇవి పనికివచ్చునా యని అడుగుట రోగి హక్కు.

లాభమెంత, నష్టమెంత? పదిమందిలో ఎనిమిదిమంది సంతోషముగా ఉందురు. ఇద్దరు అంత తృప్తిపడరు. నొప్పి కొంత మిగులును. ఈ ఇద్దరి సంగతి ఎవరును బోర్డుపై వ్రాయరు. చీము పట్టుట నూటికి ఒకరిద్దరికి. పట్టినచో మరల తెరవవలసి రావచ్చును. కాలి సిరలలో రక్తము గడ్డకట్టుట, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోవుట అరుదైనను భయంకరము. అందుకే రక్తము పలుచన చేయు మందు ఇత్తురు. ఇంగ్లాండు, వేల్సు దేశములలో నాలుగున్నర లక్షలకు పైగా ఆపరేషనులను లెక్కించి చూడగా, 45 దినములలో మరణించినవారు 2003లో వెయ్యికి సుమారు నలుగురు, 2011 నాటికి ఇద్దరు. కోతకు బయటివైపు చర్మము కొంత మొద్దుబారియుండుట చాలమందికి సహజము. నా భార్య దానిని చూచి భయపడినది గాని ముందే చెప్పియున్నచో భయపడెడిది కాదు.

ఎంతకాలము మన్నును? "పదేళ్లే" అను మాట పాతది. 2019లో ప్రకటించిన లెక్కల ప్రకారము నూటికి సుమారు 82 కీళ్లు 25 సంవత్సరములు నిలిచినవి. వయసు ఇక్కడ ముఖ్యము. 70 దాటినవారికి జీవితకాలములో మరల ఆపరేషను అవసరమగు అవకాశము నూటికి 5 ప్రాంతము. 50 దాటిన మొదటి సంవత్సరములలో చేయించుకొన్న పురుషులకు అది 35 వరకు ఉన్నదని బ్రిటనులో 2017లో తేల్చినారు. అందుచేత యాబదియేండ్లవారు తొందరపడరాదు. డెబ్బది దాటినవారు "ఈ వయసులో ఎందుకు" అని, అదొక్క కారణము చేతనే, మానుకొనరాదు.

ఇప్పుడు మా అక్కగారి సంగతి. ఆమె తెనాలి వైపు పల్లెటూరిలో ఉన్నారు. వయసు డెబ్బదినాలుగు. రెండు కాళ్లు విల్లులవలె వంగినవి. ఎక్స్‌రేలో నాలుగవ తరగతి. మధుమేహము ఇరువది సంవత్సరములనుండి ఉన్నది; గుండె బలహీనము. పిల్లలందరు ఆపరేషను చేయించవలెనని పట్టు. నేనును ఆ పక్షమే. ఆమెను అడిగితిని. "ఒరే తమ్ముడూ, నా కాళ్లు వంకరగా ఉన్నాయని మీకు బాధగా ఉంది గానీ, నాకు లేదురా. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా నిద్రపడుతుంది. గుడికి పోతున్నాను, వస్తున్నాను. పెరట్లో పని చేసుకుంటున్నాను. ఇంకేం కావాలి నాకు?" అన్నారు. నా యొద్ద జవాబు లేదు. ఆమెకు కావలసినదేమో ఆమెకు తెలిసియున్నది. అది ఆమెకు ఉన్నది. గుండె డాక్టరు కూడ మత్తు విషయమున సందేహము వెలిబుచ్చినాడు. ఎత్తైన మంచము, కుర్చీవంటి మరుగుదొడ్డి, కర్ర, లేపనము, వ్యాయామము, ఆరు కిలోల బరువు తగ్గుట, వీటితో నాలుగు సంవత్సరములు గడచినవి. వంకర అట్లే ఉన్నది. ఆమెయును అట్లే ఉన్నారు.

నా భార్య విషయము వేరు. అరువదియారు సంవత్సరములు. మేము అప్పుడు లిఫ్టు లేని పాత సర్కారీ క్వార్టర్సువంటి ఇంటిలో రెండవ అంతస్తున ఉంటిమి. మొదట సాయంకాలపు నడక మానినది. తరువాత కూరగాయల సంత మానినది. రామకృష్ణపురములోని మలై మందిరము మెట్లు చూచి క్రిందనే నమస్కరించి వచ్చెడిది. తరువాత క్రిందికి దిగుటయే మానినది. మూడు సంవత్సరములు దినమునకు రెండు నొప్పి మాత్రలు; చివరకు రక్తపరీక్షలో మూత్రపిండములు మందగించుచున్నవని తేలినది. మాత్రలు ఆపగానే రాత్రులు నిద్ర పోయినది. ఆరు నెలలు వ్యాయామము శ్రద్ధగా చేసినది, ఫలితము స్వల్పము. ఒకనాడు, "పులుసు మరిగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నానండీ. ఇంకెన్నాళ్లు ఇలా?" అన్నది. ఇంటిలో కన్నీరు పెట్టుకొను అలవాటు ఆమెకు లేదు. ఆనాడు పెట్టుకొన్నది.

మొదట పోయిన ఆసుపత్రి పేరు చెప్పను. అచ్చట సర్జను ఆమెను పడుకోబెట్టి చూడలేదు, నడిపించి చూడలేదు. ఎక్స్‌రేను కిటికీ వెలుతురున పట్టి, "రెండూ పోయాయి. గురువారం ఖాళీ ఉంది. రెండూ ఒకేసారి చేయించుకుంటే రాయితీ" అన్నాడు. పది నిమిషములు పట్టలేదు. బీరువా కొనునప్పుడు కూడ అంతకంటె ఎక్కువ ప్రశ్నలు వేయుదుము. ఇంకొకచోటికి పోతిమి. అచ్చటి సర్జను తుంటిని, నడుమును పరీక్షించి, పండ్లు, చర్మము, మూత్రము శుభ్రముగా ఉన్నవో లేవో చూచి, "మీకు ఏది చేయగలగాలని ఉందమ్మా?" అని అడిగినాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు ఆయనయే. ఆమె, "రాత్రి నిద్ర, మెట్లు, వంట" అన్నది. "ఆ మూడూ వస్తాయి. నేలమీద కూర్చోవడం రాదు. పీటమీద కూర్చుని పూజ మరిచిపోండి" అన్నాడు. ఈ మాట ముందు వినుట మంచిదైనది. మార్చిన మోకాలు సాధారణముగా 110, 120 డిగ్రీల వరకు వంగును. గొంతుకూర్చుండుటకు అంతకు మించి కావలెను. కుర్చీ, మంచము, మెట్లు, నడక వీటికి అది చాలును. నేలపై బాసిపట్టు, పాతరకపు మరుగుదొడ్డి, మోకాళ్లూని సాష్టాంగము, వీటిపై ఆశ పెట్టుకొనరాదు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కవలెనని మ్రొక్కినవారు సర్జనుతోను, స్వామితోను ముందుగా మాటలాడుకొనుట మేలు.

రెండు మోకాళ్లు ఒకేసారియా, వేరువేరుగానా? ఒకేసారి ఐనచో ఆసుపత్రిలో ఉండుట ఒక్కమారే, ఖర్చు తగ్గును. కాని శరీరముపై పడు ఒత్తిడి ఎక్కువ. గుండె, ఊపిరితిత్తుల బలహీనతయున్నవారికి, వయసు మీరినవారికి అది తగదు. మా ఇంటిలో ఏడు నెలల ఎడముతో చేయించితిమి. మొదటి నెల ఎట్లుండునో కూడ చెప్పవలెను, ఏలయనగా సన్మాన పత్రములవంటి కథలలో అది రాదు. నొప్పి ఉండును. రాత్రులు నిద్ర చెడును. కాలు వాచును. ఫిజియోథెరపీ చేయునప్పుడు నా భార్య నన్ను, ఆ అబ్బాయిని, ఆపరేషను కనిపెట్టినవారిని కలిపి తిట్టినది. ఆరు వారములకు కర్ర వదలినది. మూడవ నెలలో మెట్లు ఎక్కినది. సంవత్సరము వరకు నెమ్మదిగా మెరుగు కనబడుచునే యున్నది. మొదటి రెండు వారములు ఇంటిలో గట్టి మనిషి ఒకరు ఉండవలెను. పిల్లలు విదేశములలో ఉన్న మనబోటివారు ఆపరేషను తేదీకంటె ముందు ఈ మనిషిని నిశ్చయించుకొనవలెను. నేను మూడు వారములు వంట చేసితిని. దాని ఫలితములపై ఇంకను పరీక్షలు ప్రకటింపబడలేదు.

మధుమేహమున్నవారు చక్కెరను అదుపులోనికి తెచ్చుకొన్న తరువాతనే బల్ల ఎక్కవలెను. మూడు నెలల సగటు చూపు రక్తపరీక్షను సర్జను తప్పక చూచును. పొగ త్రాగువారు కొన్ని వారములు ముందే మానవలెను. త్రాగినచో గాయము త్వరగా మానదు. సర్జనును, "సంవత్సరమునకు ఎన్ని మోకాళ్లు చేయుదురు?" అని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు. తరచుగా చేయు చేతులలో, తరచుగా జరుగు ఆసుపత్రులలో, చిక్కులు తక్కువ. యంత్రహస్తముతో చేయుదుమను ప్రకటనలకంటె ఈ ప్రశ్నకు జవాబు విలువైనది.

ఖర్చు విషయము, సెలవు విషయము మన సభకు ప్రత్యేకము. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ఈ కీళ్ల ధరలకు హద్దు విధించినది. అంతకుముందు లక్షన్నర రూపాయల ప్రాంతమున అమ్ముచుండిన కోబాల్టు క్రోమియము కీలుకు పన్ను గాక రూ. 54,720 అని నిర్ణయించినది. ఆ తరువాత ఉత్తర్వులు మారుచున్నవి. బిల్లులో కీలు ధర విడిగా చూపవలెనని అడుగుడు, దానిపై అతికించు చీటీని దాచుకొనుడు. 1954లో ఢిల్లీలో మొదలైన మన సి.జి.హెచ్.ఎస్. పథకము క్రింద ఈ ఆపరేషను జాబితాలో ఉన్నది. అనుమతి, ఆసుపత్రి ఎంపిక, వార్డు తరగతి, వీటి నియమములు అప్పుడప్పుడు సవరింపబడుచుండును గనుక పోయినయేడు స్నేహితుడు చెప్పిన విధానమును నమ్మక, మీ కేంద్రమున ఆనాటి ఉత్తర్వును అడిగి చూడుడు. విరమణ తరువాత స్వగ్రామము చేరదలచినవారు, దగ్గరలో ఆ పథకపు ఆసుపత్రి ఉన్నదో లేదో ఆలోచించుకొని, ఆపరేషను ఇక్కడనా, హైదరాబాదులోనా అని ముందే తేల్చుకొనవలెను. సర్వీసులో ఉన్నవారికి 1972 నాటి సెలవు నియమముల ప్రకారము వైద్య ధ్రువపత్రముపై కమ్యూటెడ్ లీవు ఉన్నది. అర్ధవేతనపు సెలవు దానికి రెట్టింపు ఖర్చు వ్రాయబడును. రెండు నెలలు లెక్కకట్టుకొనుడు. కుర్చీ ఉద్యోగమైనచో కొంచెము ముందు రావచ్చును.

ప్రసంగమునకు ముందు సభాసదులు పంపిన చీటీలు కార్యదర్శిగారు ఇచ్చినారు. ఒక సోదరి, "మా అత్తగారికి ఎనభై యేళ్లు, చేయించవచ్చునా?" అని అడిగినారు. వయసు ఒక్కటి అడ్డు కాదు. బ్రిటిషువారి 2022 నాటి మార్గదర్శకములు వయసునుగాని, బరువునుగాని సాకు చేసి రోగిని సర్జనునొద్దకు పంపకుండుట కూడదని చెప్పుచున్నవి. గుండె, మూత్రపిండములు, జ్ఞాపకశక్తి, వ్యాయామము చేయగల మనసు, వీటిని చూచి నిర్ణయింతురు. కాని ఆ చీటీలో "చేయించవచ్చునా" అని యున్నది. అత్తగారు ఏమనుచున్నారో వ్రాయలేదు. మొదట ఆమెను అడుగుడు.

ఇంకొకరు, "రెండు సంవత్సరములుగా సూదులతో నెట్టుకొని వచ్చుచున్నాను, ఇప్పుడు ఏమి చేయవలెను?" అన్నారు. కడపటి సూది తేదీ, వాడిన మాత్రల పేర్లు, ఒక నెల దినములు నొప్పి ఎప్పుడెప్పుడు వచ్చినది, ఎంత దూరము నడచినది, రాత్రి ఎన్నిమార్లు లేచినది, ఒక కాగితముపై వ్రాసికొని పొండు. మూత్రపిండముల పరీక్ష కూడ చేయించుకొని పొండు. సర్జనునకు ఎక్స్‌రేకంటె ముందు ఆ కాగితమును చూపుడు. ఆయన దానిని చదువక ప్రక్కన పెట్టినచో, రెండవ సర్జనునొద్దకు పోవుటకు అది మంచి కారణము.